క్యారేజీ కట్టే ముందు అన్నం సంగతి

అమ్మడూ,

ఆదివారమే వండేసి వారానికి సరిపడా క్యారేజీలు సర్దుకుంటానన్నావట, మీ అమ్మ ఫోనులో చెప్పింది. రాయగడలో ఒక్కదానివే గది తీసుకుని, హోటలు కూడు వద్దనుకున్నావంటే ముచ్చటేసింది. వెంటనే గుబులూ పుట్టింది. అర్ధరాత్రి వాంతులైతే మంచినీళ్ళు అందించే మనిషి లేదక్కడ.

5 రోజులకీ ఒకేసారి వండకు. ఆదివారం 3 రోజులకి, బుధవారం రాత్రి మిగతా 2 రోజులకి. పూటకి 100 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు చాలు. కూరలు శనివారం రాత్రే తరిగి పెట్టుకో.

అన్నం దగ్గరే అందరూ తప్పు చేస్తారు. పొగలు కక్కుతున్న అన్నాన్ని డబ్బాలో కుక్కి, మూత బిగించి, చల్లారాక ఫ్రిజ్‌లో పెడదాంలే అని గట్టుమీద వదిలేస్తారు. డబ్బా పైన చల్లబడ్డట్టే ఉంటుంది, నడిమధ్య మెతుకు మాత్రం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలుంటాయి. అవి ఉడికినా చావవు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య పెరిగి విషం వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. వాసన మారకపోవచ్చు, జిగురూ రాకపోవచ్చు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి.

అందుకని వార్చగానే వెడల్పాటి స్టీలు పళ్ళెంలో అంగుళం మందాన పరిచి, ఫ్యాను కింద పెట్టు. మెతుకు విడివిడిగా అయి, పళ్ళెం అడుగున చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అప్పుడు చిన్న డబ్బాల్లోకి తీసి, వండిన గంటలోపే ఫ్రిజ్ లోపలి అరలో, వెనక్కి పెట్టు. తలుపు అరలో వద్దు. కరెంటు పోతే తలుపు తియ్యకు, 4 గంటలు చల్లగానే ఉంటుంది. అది దాటితే పారబొయ్యి. పారెయ్యడానికి మనసొప్పక తినేస్తావు నువ్వు, అచ్చం మీ నాన్న పోలిక. ఈ ఒక్క విషయంలో ఆ గుణం మానుకో తల్లీ.

పఖాళ, అదే ఒడియా వాళ్ళ చద్దన్నం, రాత్రంతా బయటే ఉంటుంది కదా పెద్దమ్మా అంటావేమో. అది నీళ్ళలో నాని పులుస్తుంది, ఆ పులుపు చాలా సూక్ష్మజీవుల్ని ఎదగనివ్వదు. పొడి అన్నానికి ఆ అండ లేదు.

దాల్మా, అదే కూరముక్కలు వేసి చేసే ఒడియా పప్పు, వండితే కొబ్బరి ముందే కలపకు, అదే ముందు పాడవుతుంది. వేడిచేసేటప్పుడు తురిమి, వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి చల్లుకో. బంగాళాదుంప ఫ్రీజర్‌లో పెడితే ఇసకలా అయిపోతుంది. పులిహోర పులుసు మాత్రం నూనె తేలేదాకా ఉడికించి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకో, వారం ఢోకా లేదు. తీసేది పొడి చెంచాతోనే సుమా.

ఆఫీసులో వేడిచేసుకునే వీలు లేకపోతే, వేడి నిలిచే క్యారేజీలో ముందు మరిగే నీళ్ళు పోసి 5 నిమిషాలు ఉంచి పారబోసి, పొగలొచ్చేలా కాచిన తిండి సర్దు. మధ్యాహ్నం మూత తీస్తే ఆవిరి రావాలి. గోరువెచ్చగా ఉంటే ఆ క్యారేజీ పనికిరాదు, మార్చు. డబ్బుల్లేకపోతే నాకు చెప్పు, బరంపురం నుంచి మంచిది పంపిస్తాను.

నీ పెద్దమ్మ