పేదరికం తెలివిని తగ్గిస్తుందా?

“చేతిలో డబ్బు లేనివాళ్లే మళ్లీ మళ్లీ అధిక వడ్డీకి ఎందుకు అప్పు తెస్తారు? తెలివి లేకనా?” అని అడిగారు. కాదు. తెలివి ఉంటుంది, దానికి తీరికే ఉండదు.

దీన్ని తమిళనాడు చెరకు రైతులతోనే పరీక్షించారు. కోతకు ముందు వాళ్ల దగ్గర చిల్లిగవ్వ ఉండదు, పంట డబ్బు వచ్చాక కాస్త ఊపిరి ఆడుతుంది. ఆర్థికవేత్త సెంధిల్ ముల్లైనాథన్, మనస్తత్వవేత్త ఎల్డార్ షఫీర్ బృందం 464 మందికి రెండు సమయాల్లోనూ ఆలోచనా శక్తి పరీక్షలు పెట్టింది. అదే రైతులు కోత తర్వాత మెరుగ్గా చేశారని 2013లో ప్రకటించింది. రేపటి వాయిదా, పిల్లల ఫీజు బుర్రలో తిరుగుతుంటే మిగతా ఆలోచనకు చోటు తగ్గుతుందన్నది వారి వివరణ. అయితే అమెరికాలో జీతం రోజుకు ముందూ తర్వాతా పోల్చిన 2016 అధ్యయనంలో ఆ తేడా కనిపించలేదు, అదీ చెప్పాలి.

చెన్నైలో పొద్దున్నే అప్పు తెచ్చి పూలు కొని, సాయంత్రానికి వడ్డీతో తీర్చే మన తెలుగు అక్కలు ఎందరో. లెక్కలు వాళ్లకు నాకంటే బాగా వచ్చు. వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మరో అధ్యయనంలో, ఒడిశాలో విస్తళ్లు కుట్టే కూలీలకు కూలిలో కొంత ముందే ఇస్తే పని పెరిగింది, తప్పులు తగ్గాయి. కూలి సకాలంలో అందాలి, పథకాల దరఖాస్తు చిన్నదిగా ఉండాలి. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను.