ముద్దాయి ఎవరు: కొట్టినవాడా, దెబ్బలు తిన్నవాడా?

సందేహం: నల్లగొండలో జరిగే క్రైమ్ నవల ఒకటి రాస్తున్నాను. రాత్రిపూట ఒంటరిగా కనబడ్డవాళ్ల మీద ఒకడు వరసగా దాడులు చేస్తుంటాడు. వాణ్ని వెతికే సీఐ మొదటి అధ్యాయంలోనే "ముద్దాయి ఇంకా దొరకలేదు" అంటాడు. నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదివిన మా తాత అది చూసి, "ముద్దాయి దొరకకపోవుడేందిరా, కేసు పెట్టినోడే గద ముద్దాయి?" అని నవ్వాడు. అప్పట్నుంచి నాకు టెన్షన్. ఏది సరి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: ఉర్దూ లెక్కన మీ తాతగారి మాటకు తిరుగులేదు. దావా, ముద్దయీ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుంచి వచ్చాయి. దావా వేసినవాడు ముద్దయీ, ఎవరి మీద వేశారో వాడు ముద్దాఅలైహ్. 'ముద్దయీ సుస్త్, గవాహ్ చుస్త్' అని ఉర్దూలో సామెత కూడా ఉంది. కేసు పెట్టినవాడు చప్పబడి ఉంటే సాక్షి హుషారుగా ఉన్నాడట! నిజాం రాజ్యంలో కోర్టుల పని ఉర్దూలో నడిచింది కాబట్టి, నల్లగొండ, పాలమూరు పెద్దమనుషులకు ఆ అర్థమే చెవిలో ఉండిపోయింది.

తెలుగులోకి వచ్చేసరికి మాట తలకిందులైంది. పొడుగాటి ముద్దాఅలైహ్ మన నోట్లో నలిగి ముద్దాయిగా మిగిలిందేమోనని నా ఊహ. ఎలా మారినా ఇవాళ తెలుగులో ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడే. ఉర్దూలో వేరే అర్థం ఉందని దీన్ని తప్పు పట్టలేం.

నాకు మీ వాక్యంలో వేరే చిక్కు కనబడుతోంది. కొట్టిందెవడో సీఐకి అప్పటికి తెలియదు. ఫలానావాడని నేరం మోపితేనే కదా ముద్దాయి అయినా, నిందితుడు అయినా. నిందితుడంటే నింద పడ్డవాడు, అంతే. మొదట్లో ఎఫ్ఐఆర్‌లో ఉండేది 'గుర్తు తెలియని వ్యక్తి'. నలుగురి మీద కన్ను పడితే వాళ్లు అనుమానితులు. పేరు తేలి కేసులోకి ఎక్కితే నిందితుడు, ఠాణా భాషలో ఏ-1. తీర్పు వచ్చాకే దోషి. 'నిందితుడికి యావజ్జీవం' అని పత్రికలు శీర్షికలు పెడుతుంటాయి. శిక్ష పడ్డాక కూడా ఇంకా నిందితుడేమిటో! నేరస్థుడా, నేరస్తుడా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. గృహస్థుడిలాగే స్థకారంతో రాయండి. ఆ గొడవే వద్దనుకుంటే నేరగాడు ఉంది.

మీ పోలీసును డిటెక్టివ్ అనకుండా సీఐ అన్నారు, మంచిది. హైదరాబాద్ పోలీసుల్లో డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు గానీ, నల్లగొండ పాఠకుడికి సీఐ అంటేనే మనిషి కళ్ల ముందుకు వస్తాడు. ఆ సీఐ ముందు మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ "వాడు ఇంక దొర్కలే సార్" అంటే చాలు, ముద్దాయితో పనే లేదు.

తాతగారి అర్థాన్ని మాత్రం పారేసుకోకండి. తలకు కట్టుతో ఒక ముసలాయన తెల్లవారుజామున ఠాణాకు వచ్చి "ముద్దాయిని నేనే సార్" అంటాడు. రాత్రంతా నిద్ర లేని కొత్త కానిస్టేబుల్ ఆయన్ని లాకప్‌లో కూర్చోబెట్టి, దొరికాడని సీఐకి ఫోన్ కొడతాడు.