టేపును రోలర్ల మధ్యకు పంపే ముందు

అమ్ములూ,

బాగా చల్లబరిస్తే నిరోధమే లేకుండా కరెంటు మోసే ఆ బిస్మత్ సూపర్‌కండక్టర్ టేపుల మీద నువ్వు పీహెచ్‌డీలో చేరావని అక్క ఫోన్‌లో చెప్పగానే కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. రోలింగ్ మిల్లు దగ్గర చున్నీ వేసుకోకు. లిక్విడ్ నైట్రోజన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచు, మూసిన గదిలో అది ఆవిరై గాలిని నెట్టేస్తుంది, ప్రమాదం ముందుగా తెలియదు కూడా. ఈ రెండూ మరిచావంటే ఊరుకోను.

వెండి గొట్టంలో ఆ బిస్మత్ పదార్థం పొడి నింపడం, డైల గుండా, అంటే ఒకదానికన్నా ఒకటి సన్నని రంధ్రాల గుండా, తీగ లాగడం సీనియర్లు చూపిస్తారు. ఒక్కో డైకి కొంచెమే సన్నం చెయ్యి.

అసలు చెప్పాల్సింది మొదటి హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత చేసే రోలింగ్ గురించి. సుమారు 840 డిగ్రీల దగ్గర కాలాక లోపలి పలకల్లాంటి స్ఫటికాలు అడ్డదిడ్డంగా పెరిగి ఖాళీలు వదులుతాయి, అవి పూడాలంటే మళ్లీ ఒత్తాలి. కానీ అప్పటికది పచ్చి పిండి కాదు, ఎండిన అప్పడం. వెండి సాగుతుంది, లోపలిది సాగదు.

నీ వయసులో నేను చిన్న ముక్కను ప్రెస్‌లో నొక్కి, మళ్లీ కాల్చి, లిక్విడ్ నైట్రోజన్ చల్లదనంలో, 77 కెల్విన్ దగ్గర కొలిస్తే కరెంటు బ్రహ్మాండంగా వచ్చింది. పొడవాటి టేపు కూడా ఇంతే ఇస్తుందని గైడ్‌కి మాటిచ్చేసి, రోలర్ల మధ్య ఒక్క విడతలోనే అదే మందానికి ఒత్తేశాను. పైకి అద్దంలా మెరిసింది. కొలిస్తే కొద్ది కరెంటుకే వోల్టేజీ లేచింది, అంటే నిరోధం వచ్చేసినట్టే. మూడు వారాలు సోల్డర్‌నీ వైర్లనీ అనుమానించాను. చివరికి టేపును పొడవు వెంబడి కోసి, పాలిష్ చేసి మైక్రోస్కోపు కింద పెడితే, నిచ్చెన మెట్లలా పగుళ్లు, అన్నీ కరెంటు దారికి అడ్డంగా. ప్రెస్‌లో పదార్థం పక్కలకు జరుగుతుంది కాబట్టి పగుళ్లు పొడవునా పడతాయి, కరెంటు వాటి పక్కనుంచి పోతుంది. రోలర్లు ముందుకు సాగదీస్తాయి, అందుకే అడ్డంగా పగులుతుంది. సన్నవైతే రెండోసారి కాల్చినప్పుడు అతుక్కుంటాయి. నావి అతుక్కోలేదు. గైడ్ తిట్టలేదు, "ఎందుకంత తొందర?" అన్నారు, అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర కర్ర లాక్కుని బలమంతా పెట్టి అప్పడాలు ఒత్తేదానివి, అదే గుర్తొచ్చి ఇంత రాస్తున్నాను. తక్కువ తక్కువగా ఒత్తు తల్లీ. చివరి హీట్ ట్రీట్‌మెంట్ అయ్యాక ఇక ఒత్తకు, వేలికి చుట్టి చూడకు. ప్రతి టేపులో ఒక ముక్క కోసి చూశాకే మీ గైడ్‌కి మాటివ్వు.

మొదటి ముక్క ఫోటో నాకు పంపు, పగుళ్లున్నా సరే.

మామయ్య