హబుల్, చంద్ర, జేమ్స్ వెబ్ ఫోటోల్లో ఒకే నెబ్యులా మూడు రకాలుగా ఎందుకుంది? ఏది నిజం?

మీరు అడిగింది క్రాబ్ నెబ్యులా (అంతరిక్షంలో ఓ వాయువుల, ధూళి మేఘం) గురించి: మూడు టెలిస్కోపుల ఫోటోలూ ఒకదానితో ఒకటి పోలట్లేదు, రంగులు కంప్యూటర్లో వేసినవేనా, ఒక్క మంచి టెలిస్కోపు సరిపోదా అని.

రంగులు కంప్యూటర్లోనే వేస్తారు. అందులో దాపరికమేమీ లేదు, ఏ రంగు దేనికి వేశారో ఫోటో కిందే రాస్తారు. అయినా మూడు ఫోటోలూ నిజమే.

ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో ప్రాజెక్టు కోసం మా గైడ్ నా చేత చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు పాత డేటా డౌన్‌లోడ్ చేయించారు. అందులో ఫోటో ఉండదు, పెద్ద పట్టిక ఉంటుంది. ఒక్కో వరుస ఒక్కో ఎక్స్‌రే ఫోటాన్‌ది, అంటే కాంతి కణానిది. అది ఎప్పుడు వచ్చింది, డిటెక్టర్ మీద ఎక్కడ పడింది, దాని శక్తి ఎంత అన్న వివరాలే అందులో ఉంటాయి. ఆ ఫోటాన్లన్నింటినీ వాటి వాటి చోట్లలో చుక్కలుగా పెడితే బొమ్మ తేలుతుంది. తక్కువ శక్తి వాటికి ఎరుపు, ఎక్కువ శక్తి వాటికి నీలం అని రంగులు మనమే పెట్టుకుంటాం. ఎక్స్‌రేకి మన కంటికి తెలిసిన రంగంటూ లేదు కాబట్టి ఏదో ఒకటి వేయక తప్పదు.

హబుల్ చూసేది మామూలు వెలుగే కదా, కనీసం దాని రంగులైనా అసలువి అనుకుంటారు చాలామంది. 2005లో వచ్చిన ప్రసిద్ధమైన హబుల్ క్రాబ్ ఫోటో చూడండి. అందులో ఎరుపు రంగు వేసింది రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్‌కి. దాని అసలు కాంతి 501 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, అంటే ఆకుపచ్చ వైపు. ఆకుపచ్చ వేసిన సల్ఫర్, నీలం వేసిన మామూలు ఆక్సిజన్ రెండూ నిజానికి ఎర్రగా వెలుగుతాయి. మొత్తం తారుమారు! కారణం ఏమిటంటే, రెండు రకాల ఎరుపుని పక్కపక్కన ఎర్రగానే చూపిస్తే ఏ వాయువు ఎక్కడుందో తెలీదు. ఇక మన కంటితో చూస్తారా, ఓ స్నేహితుడి ఎనిమిది అంగుళాల టెలిస్కోపులో హైదరాబాద్ శివార్లలో నేను చూశాను, బూడిద రంగు మరక తప్ప ఏమీ కనబడదు. కంటికి కనబడిందే నిజం అనుకుంటే ఆ మరక దగ్గరే ఆగిపోతాం.

ఇప్పుడు అసలు విషయం. క్రాబ్ అనేది 1054లో చైనా ఖగోళవేత్తలు చూసి రాసిపెట్టుకున్న సూపర్‌నోవా, అంటే నక్షత్రం పేలుడు, మిగిల్చిన అవశేషం. పట్టపగలు కూడా 23 రోజులు కనబడిందట. వృషభ రాశిలో, మన నుంచి సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. మధ్యలో ఒక పల్సర్, అంటే గిర్రున తిరుగుతూ లయగా మెరిసే, కుదించుకుపోయిన నక్షత్రపు గుండె. అడ్డంగా సుమారు 20 కిలోమీటర్లే, బరువు మాత్రం సూర్యుడికన్నా ఎక్కువ, సెకనుకి దాదాపు 30 సార్లు తిరుగుతుంది. అది విసిరే ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో మెలికలు తిరుగుతూ రేడియో నుంచి గామా దాకా అన్ని తరంగాల్లోనూ వెలుగునిస్తాయి.

మీరు చూసిన తేడా ఇక్కడే మొదలవుతుంది. ఎక్స్‌రేలు పుట్టించే ఎలక్ట్రాన్లకి శక్తి ఎక్కువ, దాన్ని కొన్నేళ్ళలోనే ఖర్చు పెట్టేసుకుంటాయి. అందుకే అవి పల్సర్ చుట్టుపక్కలే కనబడతాయి, చంద్ర ఫోటోలో నెబ్యులా చిన్నగా ఉంటుంది. రేడియోలో వెలిగేవి తక్కువ శక్తివి, చాలా కాలం నిలిచి దూరందాకా పోతాయి. కాబట్టి రేడియోలో నెబ్యులా పెద్దది. హబుల్‌లో కనబడే దారాల్లాంటివి పేలిపోయిన నక్షత్రం తాలూకు వాయువులు. 2023లో వచ్చిన జేమ్స్ వెబ్ పరారుణ ఫోటోలో ఆ దారాల్లోని ధూళి కనబడింది. ఒక్కో ఫోటోలో కొలిచింది ఒక్కో పదార్థాన్ని. మరి అన్నీ ఒకేలా ఎలా ఉంటాయి?

చంద్ర 1999 జూలైలో పైకెళ్ళింది. రెండు నెలలకే విడుదలైన దాని క్రాబ్ ఫోటోలో పల్సర్ చుట్టూ అంతకుముందెవరూ చూడని లోపలి వలయం ఒకటి బయటపడింది. తర్వాత చంద్ర, హబుల్ రెండూ నెలల తరబడి అదే చోటుని మళ్ళీ మళ్ళీ తీశాయి. 2002లో వాటిని వీడియోగా కూర్చితే, ఆ వలయాల్లోంచి అలలు కాంతి వేగంలో సగం వేగంతో బయటికి పోతున్నాయి. ఆకాశంలో ఏదైనా కదలడం చూడాలంటే వేల ఏళ్ళు పడుతుందనుకునేవాళ్ళకి నేను ముందు చూపించేది ఆ వీడియోనే.

ఇవన్నీ నేల మీద నుంచే ఎందుకు చేయలేదంటే, మన వాతావరణం ఎక్స్‌రేలనీ గామా కిరణాలనీ పూర్తిగా, అతినీలలోహితాన్నీ పరారుణాన్నీ చాలావరకూ ఆపేస్తుంది. శాటిలైట్లు రాకముందు రాకెట్లో డిటెక్టర్ పెట్టి పంపేవాళ్ళు, చూడ్డానికి దొరికేది కొద్ది నిమిషాలు. 1964 జూలై 7న అమెరికాలో హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం, చంద్రుడు క్రాబ్‌కి అడ్డం వచ్చే నిమిషాలకి సరిగ్గా గురిచూసి రాకెట్ వేసింది. ఎక్స్‌రేలు ఒక్క చుక్కలాంటి నక్షత్రం నుంచి వస్తుంటే చంద్రుడు కప్పగానే టక్కున ఆగిపోవాలి. కానీ మెల్లగా తగ్గాయి. అంటే వెలుగుతున్నది విశాలమైన నెబ్యులా. ఖగోళశాస్త్రంలో ఇంత తెలివైన ప్రయోగం ఇంకోటి నాకు తెలీదు. టెలిస్కోపు లేదు, బొమ్మా లేదు, చంద్రుడి అంచునే కొలబద్ద చేసుకున్నారు.

పరారుణానికి ఇంకో చిక్కుంది. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ, టెలిస్కోపుతో సహా, పరారుణంలో తనే వెలుగుతుంది. వేడి టెలిస్కోపుతో వెతకడమంటే మిట్టమధ్యాహ్నం మిణుగురుని వెతకడమే. అందుకే జేమ్స్ వెబ్‌ని 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, ఎండ తగలకుండా తెర కట్టి ఉంచారు. దాన్లోని మిరీ అనే పరికరాన్ని 7 కెల్విన్ (సుమారు మైనస్ 266 డిగ్రీల సెల్సియస్) కిందికి చల్లబరుస్తారు. దానికి ముందు హెర్షెల్ అనే యూరప్ టెలిస్కోపు సుదూర పరారుణంలో క్రాబ్‌ని చూసింది. 2013లో ఆ డేటాలో ఆర్గాన్, హైడ్రోజన్ కలిసిన అయాన్ (విద్యుదావేశమున్న అణువు) దొరికింది. దేనితోనూ కలవవని మనం బళ్ళో చదువుకున్న జడవాయువుల్లో ఒకటి అంతరిక్షంలో అణువుగా కనబడ్డం అదే మొదటిసారి. హబుల్, చంద్రలకి ఆ అయాన్ ఇచ్చే సుదూర పరారుణ కాంతిని చూసే వీలే లేదు.

గామా కిరణాల కథ నాకు మరీ ఇష్టం. క్రాబ్ వెలుగు మారదని నమ్మి, ఎక్స్‌రే టెలిస్కోపుల్ని సరిచూసుకోడానికి దాన్నే వాడేవాళ్ళు. మిగతా మూలాల ప్రకాశాన్ని ఇప్పటికీ ‘క్రాబ్’, ‘మిల్లీక్రాబ్’ లెక్కలోనే చెప్తారు, మా ప్రాజెక్టులోనూ అలాగే రాశాం. అలాంటిది 2010 సెప్టెంబరులో ఇటలీ వాళ్ళ ఆజైల్, నాసా ఫెర్మీ శాటిలైట్లు రెండూ క్రాబ్‌లో గామా జ్వాల, అంటే గామా వెలుగు ఉన్నట్టుండి పెరగడం, పట్టుకున్నాయి. 2011 ఏప్రిల్లో ఇంకా పెద్దది వచ్చింది. ఈలోగా, 2008 నుంచి రెండేళ్ళలో దాని ఎక్స్‌రే వెలుగు కూడా సుమారు 7 శాతం తగ్గిందని తేలింది. తూకపు రాయే బరువు మారుతోందన్నమాట!

మన ఇస్రో శాటిలైట్ ఆస్ట్రోశాట్ గురించి కూడా చెప్పాలి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. అందులోని సీజడ్‌టీఐ అనే ఎక్స్‌రే పరికరం ఏడాదిన్నర పాటు పోగేసిన క్రాబ్ డేటాతో, పల్సర్ రెండు మెరుపుల మధ్య మౌనంగా ఉందనుకునే సమయంలోనూ దాని ఎక్స్‌రే ధ్రువణం (తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయన్నది) మారుతోందని 2017లో చూపించారు. అదే శాటిలైట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపు ఇంకో గెలుపు సాధించింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక గెలాక్సీ నుంచి వస్తున్న తీవ్ర అతినీలలోహిత కాంతిని అది పట్టుకుంది. పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకాకి చెందిన కనక్ సాహా బృందం 2020లో ప్రకటించింది. హబుల్ ఎంతో లోతుగా గాలించిన ఆకాశపు ముక్కలోనే ఉంది ఆ గెలాక్సీ. హబుల్ అద్దం ఆరు రెట్లకి పైగా పెద్దదైనా, మన డిటెక్టర్లో రొద (అసలు కాంతికి అడ్డొచ్చే అనవసర సంకేతాలు) చాలా తక్కువ కావడంతో అది దీనికి దొరికింది. ‘ఒక్క మంచి టెలిస్కోపు చాలదా’ అన్న మీ ప్రశ్నకి నా జవాబు ఈ గెలాక్సీయే.

మీరే చేసి చూడాలంటే చంద్ర ఆర్కైవ్ అందరికీ ఉచితం, ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో సైట్లో రిజిస్టర్ చేసుకుంటే ఇస్తారు. డీఎస్9 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది. చంద్ర తీసిన క్రాబ్ ఫైల్ తెరవగానే నల్లటి తెర మీద ఏమీ లేదని టెన్షన్ పడకండి. స్కేల్ మెనూలో ‘లాగ్’ నొక్కితే వలయం కనబడుతుంది, రంగులు మీ ఇష్టం.