రెండో వైపు

చిన్నమ్మాయ్,

రైల్వే ఎన్టీపీసీకి, అదే గుమాస్తా, స్టేషన్ మాస్టర్ లాంటి ఉద్యోగాలకు, దరఖాస్తు పెట్టావని మీ అమ్మ కందుకూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. కావలి బజారులో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మొదటి పరీక్ష 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఇవన్నీ నీకు తెలుసు. సెంటర్ ఎక్కడో దూరంగా పడితే ముందు రోజే బయల్దేరాలి. నేను తోడొస్తాను, వద్దనకు.

నా టెన్షన్ వేరే ఉంది. 1983లో మద్రాసులో ఒక కంపెనీ స్టోర్ కీపర్ పరీక్షకు నేనూ మా పక్కింటతనూ కలిసి వెళ్లాం. సరుకు రిజిస్టరు కాగితం ఇచ్చి నిల్వ లెక్క తేల్చమన్నారు. తిరుగు రైల్లో గూడూరు దాటేదాకా నేనే మెచ్చుకున్నాను, "చేయబోయే పనే చేయించి చూశారు, పరీక్షంటే ఇదీ" అని. మూడు వారాలకు అతనికి ఉద్యోగం వచ్చింది, నాకు కార్డు ముక్క వచ్చింది. ఆ సాయంత్రానికల్లా అదే పరీక్ష నా నోట్లో మోసమైపోయింది. సిఫార్సు అన్నాను, వాళ్ల మామ ఎవరో లోపలున్నాడన్నాను. ఊరు నమ్మింది. ఊరికన్నా ముందు నేను నమ్మాను. మరుసటి ఏడు అదే కంపెనీ మళ్లీ పిలిస్తే ఆ కవరు చించి పొయ్యిలో పెట్టాను. మీ అమ్మమ్మ ఏం మాట్లాడకుండా ఆ పొయ్యి మీదే అన్నం వండింది. అతనితో ఆరేళ్లు మాటల్లేవు. చివరికి ఒక పెళ్లి బంతిలో నా పక్కనే కూర్చుని, "ఇంతకీ కాగితం రెండో వైపు రాశావా?" అన్నాడు.

రెండో వైపా? నేను తిప్పనే లేదమ్మా.

అందుకని, హాల్లోంచి బయటికి రాగానే, ఫలితం తెలియకముందే, నోటు పుస్తకంలో రాసిపెట్టు. అడిగినవి ఆ పనికి పనికొచ్చేవేనా, నీకొచ్చింది చూపించే వీలు దొరికిందా, అందరినీ ఒకే తీరున చూశారా. ఇది నా తెలివి కాదులే, మీ అన్న ఎంబీయే పుస్తకంలో చూశాను. గిల్లీలాండ్ అనే ఆయన 1993లోనే ఇవన్నీ చెప్పాడట. కంప్యూటర్ ఆగితే ఏ టైముకు ఆగిందో కూడా రాయి. తర్వాత కోపమొస్తే ముందు ఆ పేజీ చదువు.

అన్నీ న్యాయంగానే జరుగుతాయని అనట్లేదు. ఇంకోచోట ఇంటర్వ్యూలో నన్నడిగిన మొదటి ప్రశ్నే "మీరేవిట్లు?" అని, అంటే ఏ కులమని. అది అన్యాయమని తెలియడానికి ఫలితం దాకా ఆగక్కర్లేదు. నీ ఉద్యోగాలకు 2016 నుంచి ఇంటర్వ్యూ తీసేశారు, ఆ బాధ తప్పింది. వాళ్లిచ్చిన జవాబుల కీ తప్పనిపిస్తే తిట్టుకుంటూ కూర్చోక గడువులోపల అభ్యంతరం పెట్టు. ప్రశ్నకు 50 రూపాయలు, నీదే నిజమైతే తిరిగిస్తారు. ఆ డబ్బు నేనిస్తాను.

ఆ పక్కింటతని కొడుకు ఇప్పుడు ఒంగోల్లో ఉంటున్నాడు. సెంటర్ అక్కడే పడితే వాళ్లింట్లో దిగుదాం. అతన్ని చూసి నాకూ చాన్నాళ్లయింది.

మీ మావయ్య