ముఠా పెట్టే వకీలు మీ అబ్బాయి వకీలు కాదు

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయన పేరు మీద ఫైనాన్సులో తీసుకున్న ఆటోను మా అబ్బాయి నడుపుతాడు. వయసు 22. నెల క్రితం ఎస్.కోట వైపు కిరాయికి వెళ్లి, బొడ్డవర దగ్గర తనిఖీలో 24 కిలోల గంజాయితో పట్టుబడ్డాడు. ఇప్పుడు ఒకతను ఇంటికి వచ్చి, "లాయరును మేమే పెడతాం, ఖర్చులకు ఇరవై వేలు ఉంచండి, మీవాడు మా పేర్లు చెప్పకుండా చూసుకోండి" అంటున్నాడు. ఆటో వాయిదాలు కట్టలేకపోతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ డబ్బు ముట్టుకోకండి. ఆ వకీలునూ ఒప్పుకోకండి. మీవాడు బయటికి రావడం కన్నా తమ పేర్లు బయటికి రాకపోవడమే వాళ్లకు కావాలి. జైల్లో మగ్గేది మీ బిడ్డ, రేపు ఇంకో ఇంటి కుర్రవాడిని వెతుక్కునేది వాళ్లు. ఇలాంటి తల్లులను కోర్టు వరండాలో చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

కేసు బరువైనదే, దాచను. మాదకద్రవ్యాల చట్టం (1985) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, అంటే అన్నిటికన్నా బరువైన శిక్ష పడే తరగతి. నేరం రుజువైతే పదేళ్లకు తగ్గని శిక్ష, లక్షకు తగ్గని జరిమానా. బెయిలుకు 37వ సెక్షను అడ్డుపడుతుంది. చార్జిషీటుకు పోలీసులకు 180 రోజుల గడువు ఉంటుంది. కోర్టు దాన్ని ఏడాది వరకు పొడిగించవచ్చు. గడువు దాటినా చార్జిషీటు రాకపోతే బెయిలు అడగడం మీవాడి హక్కు.

అయితే 24కూ 20కీ మధ్య దూరం నాలుగు కిలోలే. సంచులు, ప్యాకింగు తీసేసి తూచారా? మేజిస్ట్రేటు ముందు నమూనాలు తీశారా? కేసు ఇక్కడే మలుపు తిరగవచ్చు. పోలీసుల దగ్గర సంతకం చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఈ చట్టం కింద దర్యాప్తు చేసే ఇతర అధికారుల దగ్గర చేసినదీ చెల్లదని 2020లో తోఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక ముఠా వకీలు ఎన్నటికీ చెప్పని మాట ఒకటుంది. తెలిసినదంతా దాచకుండా నిజం చెప్పేవారిని కేసు నుంచి మినహాయించే అధికారం 64వ సెక్షను ప్రభుత్వానికి ఇచ్చింది. అది తప్పక దొరుకుతుందని చెప్పలేను. అడగాలా వద్దా అన్నది మీ సొంత వకీలుతో మాట్లాడాకే తేల్చుకోండి.

ఆటో సంగతి కొంచెం కష్టం. తనకూ, బండి నడిపినవాడికీ తెలియకుండా జరిగిందని, ఇద్దరూ తగిన జాగ్రత్తలు తీసుకున్నారని యజమాని రుజువు చేస్తే బండి జప్తు కాదు. కేసు నడుస్తుండగా బండి విడిపించుకోవచ్చని 2025 జనవరిలో అస్సాం లారీ కేసులో సుప్రీంకోర్టు అన్నది, కానీ అక్కడ సరుకు దొరికింది ప్రయాణికుడి దగ్గర. మీ ఆటోలో నడిపినవాడే నిందితుడు. అయినా మీ ఆయన పేరున పిటిషను వేయించండి, వాయిదాల రసీదులు జతచేయండి.

ఖర్చుకు భయపడకండి. జైల్లో ఉన్నవారికీ మహిళలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి. ఇంటికి వచ్చినవాడు మళ్లీ వచ్చి బెదిరిస్తే తేదీ, సమయం రాసిపెట్టుకుని పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి.

ఈసారి ములాఖత్‌కు వెళ్లినప్పుడు అబ్బాయితో చెప్పండి: మీరు పంపని వకీలు ఎవరు వచ్చి అడిగినా వకాల్తా (వకీలుకు కేసు అప్పగించే కాగితం) మీద సంతకం పెట్టవద్దని.