ఆయిల్ అద్దంలో మీగడ, ఫోన్‌లో ఏపీకే

ప్రశ్న: పలమనేరులో ఉంటాను. ఇంటికీ కొట్టుకూ మధ్య కిలోమీటరున్నర. డిసెంబరు నుంచి బండి ఇంజిన్‌కు ఆయిల్ మట్టం చూసేందుకు ఉండే అద్దంలో తెల్లగా మీగడలాంటిది కనబడుతోంది. మెకానిక్ హెడ్ (ఇంజిన్ పై భాగం) విప్పాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ డాంగిల్ (ఇంజిన్ లోపాల కోడ్‌లను ఫోన్‌కు పంపే చిన్న పరికరం) తగిలిస్తే యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే. ఎవర్ని నమ్మాలి? (ఆయిల్ అద్దం ఫొటో జతచేశాను.)

జవాబు: ఇద్దర్నీ నమ్మొద్దు. చలి మొదలైతే చాలు, మొగిలి ఘాట్ పైనున్న ఊళ్ల నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. అది ఆవిరై సైలెన్సర్‌లోంచి పోతుంది గానీ, కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి జారి, చల్లగా ఉన్న ఇంజిన్ గోడలకు చెమటలా పడుతుంది. ఆయిల్‌తో కలిస్తే అదే మీ మీగడ. ఆయిల్ బాగా కాగితే ఆ నీరు ఆవిరై, బ్రీదర్ పైపు గుండా బయటికెళ్తుంది. కిలోమీటరున్నరలో కాగేదేముంది?

మెకానిక్ అనుమానం, హెడ్ కింది అతుకు పట్టీ (హెడ్ గాస్కెట్) లోంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, ఆయిల్‌లోకి కారుతోందని కావచ్చు. మీది గాలితో చల్లబడే ఇంజిన్ అయితే అందులో కూలెంటే ఉండదు, ఇక లీకయ్యేదేమిటి? రేడియేటర్ ఉన్న బండి అయితే మాత్రం కూలెంట్ మట్టం చూడండి. అది తగ్గుతూ పోతుంటే మెకానిక్ మాట వినాల్సిందే. తగ్గకపోతే వారానికోసారి చిత్తూరు దాకా వెళ్లి రండి. ఇంటి ముందు స్టాండు వేసి స్టార్టు చేసి వదిలేస్తే లాభం లేదు, అలా ఆయిల్ సరిగా కాగదు, ఇంకాస్త నీరు చేరుతుంది. తిరుపతిలో రోజూ తిరుమల ఘాట్ ఎక్కే బండికి ఈ బాధ ఉండదు. అలిపిరి నుంచి రైల్వే స్టేషన్ దాకా మాత్రమే తిరిగే బండికి అక్కడా రావచ్చు. పొట్టి ప్రయాణాల బండికి ఆయిల్ మార్చే లెక్క కిలోమీటర్లలో కాదు, నెలల్లో. మాన్యువల్‌లో రెండూ రాసి ఉంటాయి, ఏది ముందొస్తే అది. మీటర్లో సర్వీసు గుర్తు పెట్టేవాళ్లు చాలామంది కిలోమీటర్లు తప్ప ఇంకేమీ లెక్కపెట్టరు. రంగుల తెర పెట్టడానికి మనసొచ్చింది, తారీఖు చూసే నాలుగు లైన్ల కోడ్ రాయడానికి రాలేదు.

అసలు నన్ను కంగారు పెట్టింది మీ డాంగిల్. ఆయిల్‌లో నీరుందో లేదో చెప్పే సెన్సరే మామూలు బండ్లలో లేదు. మరి ఆ పచ్చ టిక్కు దేనికి? లోపం కోడ్ ఏదీ నమోదు కాలేదని, అంతే. ఈ చౌక డాంగిళ్లలో చాలావాటి పిన్ 1234, లేకపోతే 0000. మార్చే వీలు కూడా ఉండదు. సీటు కింద తగిలించి మరిచిపోతే పక్కనున్న ఎవడైనా కలుపుకోవచ్చు. పైగా బ్యాటరీ దండగ.

యాప్‌ను అమ్మినవాడు వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలుతో (ప్లే స్టోర్‌తో పని లేకుండా ఆండ్రాయిడ్ ఫోన్‌లో యాప్ వేసే ఫైలు) వేసుకున్నానని కింద ఒక ముక్క రాశారు. అంత తేలిగ్గా ఎలా రాయగలిగారండీ? చలానా పేరుతో ఏపీకేలు పంపి ఖాతాలు ఊడ్చేస్తున్న దారి కూడా ఇదే. ఇంజిన్ చూసే యాప్‌కు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతితో పనేమిటి? ఆ ఒక్క అనుమతి దొరికితే మీ ఓటీపీలు ముందు వాడికే చేరతాయి. తెర మీద ఉన్నవి చదివే యాక్సెసిబిలిటీ అనుమతి కూడా ఇచ్చి ఉంటే తెర మీద మీరు నొక్కేది కూడా కనిపెట్టగలడు. అది మంచి యాప్ కావచ్చేమో, తేల్చుకునే దాకా ఉంచుకోకండి. ముందు నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో దాని అనుమతులన్నీ, డివైస్ అడ్మిన్ హక్కుతో సహా తీసేసి, యాప్‌ను తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డు, యూపీఐ పిన్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మీ ఫొటోలో ఇంకొకటి కనబడింది. ఆయిల్ పై గీత దాటి ఉంది. బండిని చదును నేల మీద నిటారుగా నిలబెట్టి మళ్లీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే, మీగడ చూసి ఎవరో పైన కొత్త ఆయిల్ పోసి ఉండొచ్చు. అలా పైన పోస్తే బాగవదు, మొత్తం దింపేసి మాన్యువల్లో చెప్పిన గ్రేడు, చెప్పినంతే పోయించండి.